లోకేశ్ గారూ, మా అబ్బాయి సర్టిఫికెట్లు ఇప్పించండి

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ గారికి,

మంగళగిరి నుంచి ఒక చేనేత ఇంటి ఇల్లాలు నమస్కరించి రాస్తున్నది.

మీ గురించి మాకు తెలియనిది లేదు బాబూ. ఎన్టీఆర్ మనవడు, చంద్రబాబు గారి అబ్బాయి అయ్యేసరికి చిన్నప్పటి నుంచీ అందరి కళ్ళూ మీ మీదే. స్టాన్‌ఫర్డ్‌లో చదివారని తెలుసు. మీరు ఒళ్ళు తగ్గితే దాని మీదా చర్చే. మాట తడబడిన ప్రతి వీడియో తీసి ఎన్నెన్ని మాటలన్నారో చూశాం, మాకే బాధేసింది. 2019లో ఇక్కడే 5,337 ఓట్లతో ఓడిపోయారు. కుప్పంలో మొదలుపెట్టి 226 రోజులు, 3,132 కిలోమీటర్లు పాదయాత్ర చేశారు. 2024లో 91,413 మెజారిటీ ఇచ్చాం. ఓడినా మీకు రెండో ఛాన్స్ దొరికింది, సంతోషం. మా అబ్బాయికి మొదటిదే దొరకడం లేదు.

వాడు 2024లో బీటెక్ పాసయ్యాడు, మంచి మార్కులతోనే. సర్టిఫికెట్లు మాత్రం, ప్రభుత్వం కట్టాల్సిన ఫీజు రాలేదని, కాలేజీ బీరువాలో ఉన్నాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి మీకు నేను చెప్పాలా! చివరి విడతలు నా ఖాతాలో పడతాయన్నారు, పడలేదు. ఇప్పుడు నేరుగా కాలేజీకే ఇస్తామంటున్నారు, కాలేజీ వాళ్ళేమో మాకేమీ రాలేదంటున్నారు. పాత బాకీ పాత ప్రభుత్వానిదట. ఎవరిదైనా కానివ్వండి, తాళం మాత్రం మా వాడి చదువుకు పడింది.

ప్రొవిజనల్ ఇవ్వరు, అన్ని సెమిస్టర్ల మార్కులుండే సీఎంఎం ఇవ్వరు, టీసీ మాట ఎత్తొద్దంటారు. ‘మీరు కట్టేసి తీసుకెళ్ళండి, గవర్నమెంటు డబ్బు పడితే తిరిగిస్తాం’ అంటారు. ఎక్కడి నుంచి కట్టాలి? మగ్గం కూలి అద్దెకీ బియ్యానికీ సరి. హైదరాబాద్‌లో ఒక కంపెనీ వీణ్ణి తీసుకుంది. ఒరిజినల్స్ చూపించమంది. కాలేజీలో బతిమాలితే జెరాక్సుల మీద స్టాంపు వేసి ఇచ్చారు, అదీ ఏదో దానం చేసినట్టు. కంపెనీ ఒప్పుకోలేదు. కొన్నాళ్ళు గడువిచ్చి ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేసింది. ఇప్పుడు మందుల షాపులో పనికి వెళ్తున్నాడు. చుట్టాల పెళ్ళికి రమ్మంటే రాడు, ఉద్యోగం ఎక్కడని అడుగుతారేమోనని టెన్షన్. నలుగురూ నవ్వుతుంటే ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పక్కర్లేదు కదా?

ఒరిజినల్స్ కాలేజీలు దగ్గర పెట్టుకోకూడదని యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ ఎప్పుడో చెప్పింది. వినేవాళ్ళేరీ? పాదయాత్రలో ఈ సర్టిఫికెట్ల గోడు మీ నోటి నుంచే విన్నాం, అందుకే ఇంత ఆశ. అర్జీ పెట్టాం. అది ఏ ఆఫీసుకు వెళ్ళిందో గానీ ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. మళ్ళీ పెడితే మళ్ళీ పరిష్కరించారు.

బాకీలు ఎప్పుడు తీరుస్తారో మీ ఇష్టం, ముందు సర్టిఫికెట్లు ఇప్పించండి. కెమెరాలు ఎలాగూ మీ వెంటే ఉంటాయి, ఒక్కసారి ఏదో ఒక కాలేజీ ఆఫీసు గదిలోకి వాటిని తీసుకెళ్ళి ఆ బీరువా తెరిపించండి. మా వాడొక్కడే కాదు, మా వీధిలో ఇంకా ఉన్నారు. వాళ్ళ అమ్మలకు రాయాలంటే భయం, పిల్లల్ని ఇంకా ఏడిపిస్తారని. నాకూ భయమే. అయినా రాస్తున్నాను. ఏదో ఒకటి చేయండి బాబూ, సర్టిఫికెట్లు ఇప్పించండి.

అర్జీ నంబరు ఇందులో వేయడం లేదు. వేస్తే మళ్ళీ పరిష్కరించేస్తారు.

ఇట్లు,
మీ నియోజకవర్గంలో ఒక తల్లి