ఆలోర్ సెతార్ దాకా తిరిగొచ్చిన విమానం: నాకు సాయపడిన వారికి కృతజ్ఞతలు

పోయిన శనివారం మా తెలుగు తరగతి పిల్లలకు ఆర్థర్ స్కార్ఫ్ అనే రెండో ప్రపంచయుద్ధపు బ్రిటిష్ పైలట్ కథ చెప్పాను. చెప్పడానికి పట్టింది నలభై నిమిషాలే. దాని వెనుక మూడు నెలల తిరుగుడు, నలుగురి ఉపకారం ఉన్నాయి. ఎదురుగా చెప్పబోతే "ఇంతమాత్రానికేనా" అని కొట్టిపారేసే మనుషులు వాళ్లు. అందుకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

ఈ కథ నేనెందుకు పట్టుకున్నానో ముందు చెప్పాలి. మేముండేది మలేషియాలోని సుంగై పెటానిలో. జపాన్ సేనలు ఇక్కడికి వచ్చిపడ్డ 1941 డిసెంబరు గురించి మా ఇంట్లో ఒకటే మాట వినబడేది: "తెల్లవాళ్లు మనల్ని వదిలేసి ఓడలెక్కారు." నానమ్మ తమలపాకుకు సున్నం రాసుకుంటూ, తల ఎత్తకుండా అనేది ఆ మాట. అది అబద్ధమేమీ కాదు. పెనాంగ్‌పై బాంబులు పడ్డాక అక్కడి యూరోపియన్లను గుట్టుగా దాటించి, మిగతా జనాన్ని వాళ్ల ఖర్మకు వదిలేశారు. ఆ తర్వాత జపాన్ వాళ్లు రబ్బరు తోటల్లోని మనవాళ్లను, తమిళులను వేలకు వేలు సయాం (నేటి థాయ్‌లాండ్) రైలు మార్గం పనికి తోలుకుపోయారు. వాళ్లలో మా నానమ్మ అన్న ఒకడు. ఆయనను ఎక్కడ పూడ్చారో ఎవరికీ తెలియదు. అలాంటి ఇంట్లో పెరిగి, నేను ఒక ఇంగ్లీషు అధికారి సమాధిని వెతుక్కుంటూ తైపింగ్ వెళ్లానంటే మా అన్నయ్య ఇప్పటికీ నవ్వుతాడు.

స్కార్ఫ్ పుట్టింది వింబుల్డన్‌లో. చేసింది బ్రిటన్ వాయుసేన 62వ స్క్వాడ్రన్‌లో బ్లెన్‌హైమ్ బాంబర్ పైలట్ ఉద్యోగం. స్క్వాడ్రన్ మొదట ఆలోర్ సెతార్‌లోనే ఉండేది. డిసెంబరు 8న జపాన్ దాడుల్లో ఉత్తరాది విమానాశ్రయాలు దెబ్బతినడంతో బటర్‌వర్త్ స్థావరానికి వచ్చేశారు. మర్నాడు, అందుబాటులో ఉన్న విమానాలన్నీ కలిసి సింగోరా మీద పట్టపగలే దాడి చేయాలని ఆజ్ఞ వచ్చింది. నేటి థాయ్‌లాండ్‌లోని సోంగ్‌ఖ్లాయే ఆ సింగోరా. జపాన్ విమానాల స్థావరం అప్పుడు అక్కడే. స్కార్ఫ్ విమానం ముందు నేల విడిచింది. కొన్ని సెకన్ల తేడా, అంతే. వెనుక ఉన్నవి లేచేలోపే జపాన్ విమానాలు విరుచుకుపడ్డాయి. ఉన్నవన్నీ కాలిపోవడమో పాడైపోవడమో జరిగింది. ఆయన పైన చుట్టు తిరుగుతూ అదంతా చూశారు.

వెనక్కి దిగిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. గుంపుగా చేయాల్సిన పని అది. ఆయన ఒంటరిగా సింగోరా వైపు తిరిగారు.

ఇక్కడే నాకు తైపింగ్ మాస్టారు గుర్తుకొస్తారు. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు, చైనీయుడు. స్కార్ఫ్‌కు 1946 జూన్‌లో బ్రిటన్ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ ప్రకటించినప్పుడు, అక్కడి ప్రభుత్వ పత్రిక లండన్ గెజిట్‌లో వేసిన ప్రశంసాపత్రాన్ని నన్ను పక్కన కూర్చోబెట్టుకుని వాక్యం వాక్యం చదివించారు. ఒక్క విమానంతో శత్రువుకు పెద్ద నష్టమేమీ జరగదని స్కార్ఫ్‌కు తెలుసు అని అందులోనే రాసి ఉంది. కింద నిస్సహాయంగా చూస్తున్న తోటివారి గుండె జారిపోకూడదనే వెళ్లారట. పొగిడే కాగితంలో ఆ ముక్క ఉండటం నాకు నచ్చింది. స్కార్ఫ్ గాలిలోనే ప్రాణాలు వదిలారని నేను రాసుకున్నదాన్ని ఎర్ర సిరాతో కొట్టేసిందీ ఈ మాస్టారే. అలా కొట్టేయకపోతే అసలు కథ పోయేది.

సింగోరా మీద బాంబులు వేశాక జపాన్ ఫైటర్లు సరిహద్దు దాకా వెంటాడాయి. స్కార్ఫ్ ఎడమ చేయి నుజ్జయింది, వీపులోనూ గాయం. విమానంలో ఉన్న మిగతా ఇద్దరూ ఆయన వాలిపోకుండా పట్టుకుంటే, మిగిలిన ఒంటి చేత్తోనే నడిపించారు. బటర్‌వర్త్ దాకా రాలేకపోయారు. తమ పాత ఊరు ఆలోర్ సెతార్ దగ్గర, ఆసుపత్రికి చేరువలో, వరిచేలో విమానాన్ని చక్రాల మీద కాక పొట్ట మీద దింపారు. తోటివారిద్దరికీ చిన్న గాయమైనా కాలేదు. ఆ ఆసుపత్రిలో నర్సు ఆయన భార్య శాలీ. అప్పుడు ఆమె గర్భవతి. ఇద్దరి రక్తం ఒకే గ్రూపు కావడంతో ఆమె రక్తం ఇచ్చింది. అయినా ఆయన దక్కలేదు. వయసు 28.

ఆ పతకాన్ని 2022లో వేలం వేస్తే 6 లక్షల 60 వేల పౌండ్లు పలికింది. దేశం దాటిపోకుండా బ్రిటన్ ప్రభుత్వం ఆపింది. తర్వాత అక్కడి వాయుసేన మ్యూజియమే విరాళాలు పోగుచేసి కొనుక్కుంది. పిల్లలు మాత్రం ఈ డబ్బు లెక్క దగ్గరే ఎక్కువసేపు ఆగిపోయారు.

తైపింగ్‌కు నన్ను కారులో తీసుకెళ్లిన పక్కింటి అక్కకు రుణపడి ఉన్నాను. ఆ రోజు ఆమెకు సెలవు కూడా కాదు. వాన పడని రోజు తైపింగ్‌లో ఉంటుందా! శ్మశానవాటిక గేటు దగ్గర తడుస్తూ నిలబడ్డాం. తోటపని చేసే తమిళ పెద్దాయన వచ్చి, "తంబీ" అని పిలిచి చేతిలో గొడుగు పెట్టారు. నేరుగా స్కార్ఫ్ రాయి దగ్గరకు నడిపించి, అంటుకున్న తడి ఆకులను భుజం మీది తువ్వాలుతో తుడిచారు. రాతి మీద చెక్కిన విక్టోరియా క్రాస్ అప్పుడు స్పష్టంగా కనిపించింది. తర్వాత ఆయన ఏమీ అనకుండా రోడ్డు దాటించి అవతలి వైపు తీసుకెళ్లారు. అక్కడ భారతదేశపు సిపాయిల సమాధులున్నాయి. మేం తెచ్చింది ఒకే మల్లెదండ. ఆయనే దారం తెంపి సగం నాకిచ్చారు.

ఇక మా మేనకోడలు. నా రాతను పిల్లలకు అర్థమయ్యే తెలుగులోకి దించింది తనే. విమానంలో తుపాకీ పేల్చే గన్నర్‌ను నేను "తుపాకీధారి" అని రాస్తే, "మామయ్యా, పెళ్లిలో తలంబ్రాలు పోసేవాడిలా ఉన్నాడు" అని కొట్టేసి గన్నర్ అనే ఉంచింది.

తరగతి చివర ఒక చిన్నవాడు అడిగాడు: "మాస్టారూ, ఆయన సింగోరా వెళ్లకుండా వెనక్కి దిగిపోయి ఉంటే పిల్లాడిని చూసుకునేవాడు కదా?" అవును నాయనా, అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

తైపింగ్ పెద్దాయనా, మీ గొడుగు మా కారులోనే ఉండిపోయింది. వచ్చే నెల మొదటి ఆదివారం తెచ్చి ఇస్తాను.