డబ్బులిచ్చి చూసే పాలపిట్ట

సంపాదకుల వారికి,

దసరా దగ్గరపడింది. జమ్మి చెట్టు దగ్గర పూజయ్యాక పాలపిట్టను చూసి ఇంటికి రావడం మన దగ్గర ఆనవాయితీ. పొలాల దాకా వెళ్లే తీరిక లేని వరంగల్, హన్మకొండ వాళ్ల కోసం పిట్టను పంజరంలో పట్టుకొచ్చి పదో ఇరవయ్యో తీసుకొని చూపించేవాళ్లు తయారవుతారు. ఆ పిట్ట ఎలా చిక్కిందో, ఏ స్థితిలో ఉందో ఎవరూ అడగరు.

మర్రి పాలో రావి పాలో కాచి చేసిన బంకను పుల్లలకు పూసి, మధ్యలో బతికున్న మిడతను కట్టి పెడతారు. ఎత్తున కూర్చుని నేల మీద కదిలే పురుగు కోసమే చూసే పిట్ట కాబట్టి నేరుగా వచ్చి అందులో వాలుతుంది. ఆ తర్వాత ఎగిరిపోకుండా రెక్కల ఈకలు కత్తిరిస్తారు, లేదా జిగురుతో అంటించేస్తారు. కాళ్లకు దారం బిగిస్తారు. కత్తిరించిన ఈక మన గోరులా పెరగదు. దాని మొదలు చర్మంలోనే ఉండిపోతుంది, ఈకలు రాల్చే కాలం వచ్చేదాకా కొత్తది రాదు. కాబట్టి పండుగ మర్నాడు వదిలేసినా ఆ పిట్ట నెలల తరబడి సరిగా ఎగరలేదు. ఈలోపు ఏ కుక్కకో పిల్లికో దొరుకుతుంది. పంజరంలో నూకలు చల్లుతారు, అదో వింత. పాలపిట్ట తినేది పురుగుల్ని, గింజల్ని కాదు.

జాలిపడి పంజరంతో సహా కొని వదిలేసేవాళ్లది మంచి మనసే. కానీ ఆ డబ్బు వచ్చే ఏడాది మరో రెండు పిట్టల్ని పట్టడానికి పెట్టుబడి అవుతుంది. కొనకండి, అటవీ శాఖకు చెప్పండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పట్టడం కూడా వేట కిందికే వస్తుంది. మూడేళ్ల దాకా జైలు పడే నేరం. పైగా 2014 నుంచి ఇది మన రాష్ట్ర పక్షి. దాడులు పండుగ రోజున చేస్తే లాభం లేదు, అప్పటికే రెక్కలు తెగి ఉంటాయి. రెండు వారాల ముందే మొదలుపెట్టాలి. పట్టుకున్న పిట్టల్ని వెంటనే అడవిలో వదిలి ఫొటో దిగడం కాకుండా, కొత్త ఈకలు వచ్చేదాకా ఉంచడానికి కాకతీయ జూపార్కులో ఒక గది, ఒక పశువైద్యుడు ఉండేలా చూడాలని మనవి.

బంకతో పడి ఉన్న పిట్ట కనిపిస్తే లాగకండి, ఈకలు ఊడి వస్తాయి. అంటుకున్న చోట కొంచెం పిండి చల్లితే మరింత అంటుకోదు. గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి అటవీ సిబ్బందికి అప్పగించండి. ముక్కులో నీళ్లు పోయొద్దు. నాలుక మొదట్లోనే శ్వాసనాళం ఉంటుంది, నీళ్లు అందులోకి పోతాయి.

నిజానికి పిట్టను చూడటం అంత కష్టం కాదు. ఐనవోలు, పర్వతగిరి, ధర్మసాగర్ వైపు పొద్దున్నే ఎనిమిదిలోపు వెళ్లి పొలాల మీది కరెంటు తీగలు వెతకండి. నీలం రంగు కోసం చూడొద్దు. కూర్చున్నప్పుడు పెద్ద తల, మట్టిరంగు రొమ్ముతో మామూలు పిట్టలాగే ఉంటుంది, చాలామంది దాన్ని చూస్తూనే దాటిపోతారు. ఎగిరినప్పుడే రెక్కల్లోని నీలం బయటపడుతుంది.

పంజరాల సంగతి ఏటా అంతో ఇంతో వార్తల్లో వస్తుంది. గూళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. దేశంలో పక్షుల స్థితిపై 2023లో వచ్చిన నివేదిక పాలపిట్టను తగ్గిపోతున్న వాటిలో చేర్చి, ఏ జీవికి ఎంత ముప్పుందో చెప్పే అంతర్జాతీయ జాబితాలో దాని హోదాను తిరిగి పరిశీలించాలని సూచించింది. ఈ పిట్ట తొర్రను తొలుచుకోలేదు. వడ్రంగి పిట్ట వదిలేసినదో, పుచ్చిపోయిన తాటి మోడు తలో వెతుక్కుని మార్చి నుంచి జూన్ లోపల గుడ్లు పెడుతుంది. వెంచర్ వేసేవాళ్లు మొదట పీకేది ఆ మోడునే, పనికిరానిదని.

యూరప్‌లో దీనికి దగ్గరి చుట్టమైన జాతి ఒకటుంది. ముసలి చెట్లు పోయాక హంగరీ, సెర్బియా, స్పెయిన్‌లలో గూళ్లుగా చెక్కపెట్టెలు కట్టి దాన్ని నిలబెట్టుకుంటున్నారు. అక్కడ రంధ్రం ఆరు సెంటీమీటర్లు. మన పిట్ట కొంచెం పెద్దది కాబట్టి ఆరున్నర పెట్టి చూడొచ్చు. అడుగున నీరు పోయే చిల్లులు, మూడు నాలుగు సెంటీమీటర్ల రంపపు పొట్టు, తూర్పు ముఖం, నాలుగైదు మీటర్ల ఎత్తు. రేకు పెట్టెలు మాత్రం వద్దు, మన మే నెల ఎండకు పిల్లలు లోపలే ఉడికిపోతాయి. ఫిబ్రవరి చివర కట్టాలి. ముందే కడితే గోరింకలు చెత్త నింపి కూర్చుంటాయి.

పత్తి రైతులకు వ్యవసాయ శాఖ చెప్పే పక్షి స్థావరాలు, అంటే టీ ఆకారపు కర్రలు, ఎకరాకు పదైనా నాటితే పాలపిట్టకు కూర్చునే చోటు దొరుకుతుంది, రైతుకు పురుగు తగ్గుతుంది. పైరు కంటే అడుగు ఎత్తుండాలి. వరిలో అయితే గింజ పాలు పోసుకునే నాటికి తీసేయాలి, లేకపోతే గింజ తినే పిట్టలు వచ్చి వాలతాయి.

పంచాయతీలు, కార్పొరేషన్ తమ పరిధిలో తొర్రలున్న తాటి మోడులకు ఫిబ్రవరిలోగా రంగు గుర్తు వేయించి, ఇంటికో బాటకో ప్రమాదం లేని వాటిని జూన్ దాకా కొట్టకుండా ఆపాలి.

– ఒక పక్షి పరిశీలకుడు, హన్మకొండ