మా కార్డుల మార్పిడిని గట్టెక్కించిన వారందరికీ కృతజ్ఞతలు

తెనాలి నుంచి మేము నడిపిన, చేతితో గీసిన బొమ్మల కార్డుల మార్పిడి పూర్తయిందనీ, పాల్గొన్న కళాకారులందరికీ వారి వారి కవర్లు అందాయనీ తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఇందులో నా శ్రమ కంటే ఇతరుల సాయమే ఎక్కువ కనుక, వారికి అందరి ఎదుటా ధన్యవాదాలు చెప్పుకోవడం నా బాధ్యత.

1997లో జ్యూరిక్‌లో వాంచి స్టిర్నెమన్ అనే కళాకారుడు ఆరంభించిన పద్ధతినే మేమూ పాటించాం. ప్రతి కార్డూ 64 × 89 మిల్లీమీటర్లుండాలి, వెనుక గీసినవారి సంతకం ఉండాలి, అమ్మకూడదు, ఇచ్చిపుచ్చుకోవాలి. తలా ఎనిమిది కార్డులు పంపినవారికి ఎనిమిదిమంది చేతిపని తిరిగి వెళుతుంది. మా పక్కనే ఉన్న తుమ్మపూడిలో కూర్చుని దేశదేశాల కళాకారులతో ఉత్తరాల ద్వారా స్నేహం నడిపిన రచయిత, చిత్రకారుడు సంజీవదేవ్ గారి ప్రాంతంలో ఈ పని జరగడం నాకు ప్రత్యేకమైన ఆనందం.

వానల రోజుల్లో వచ్చిన కవర్లలో కొన్ని తడిసి చేరాయి. అక్రిలిక్ రంగులు వేసిన కార్డులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి, నీటిరంగులు పక్క కార్డులకు పాకాయి. అప్పుడు మా వీధిలో పుస్తకాలు బైండింగు చేసే పెద్దాయన ఆ కట్టలను తన కొట్టుకు తీసుకువెళ్లి, పలుచని వెదురు పేడుతో కార్డులను ఓపికగా విడదీసి, అద్దుడు కాగితాల మధ్య పరిచి, పైన బరువు పెట్టి, ఉదయం సాయంత్రం కాగితాలు మారుస్తూ వాటిని ఆరబెట్టారు. నేను డబ్బు ఇవ్వబోతే, “బొమ్మలు చూడనిచ్చారు, అది చాలు” అన్నారు. ఆయనకు నేను ఎంతో రుణపడి ఉన్నాను.

ఆ తడిలోనూ చెక్కుచెదరనివి శ్రీకాళహస్తి నుంచి వచ్చిన కలంకారీ ముక్కలు. కరక్కాయ, పాలు పట్టించి, మళ్లీ మళ్లీ నీళ్లలో ఉతికి తయారుచేసే ఆ గుడ్డకు వాన ఒక లెక్క కాదు. చేర్యాల బొమ్మల సంగతి అలా కాదు. జిగురు కలిపిన ఆ రంగులు చెమ్మను ఓర్చుకోలేవు. పాడైన వాటి ఫొటోలు పంపగానే, అడగకుండానే వాటిని గీసిన కళాకారిణి అన్నింటినీ మళ్లీ గీసి, ఈసారి మైనపు కాగితంలో చుట్టి పంపారు. ఇంత ఉదారతకు ఏ మాట సరిపోతుందో నాకు తెలియదు.

మా తపాలా కార్యాలయ సిబ్బంది చేసిన మేలు కూడా చిన్నది కాదు. ముద్ర దెబ్బకు లోపలి బొమ్మ నలగకుండా రెండు వైపులా గట్టి అట్ట పెట్టమని చెప్పినవారు, విదేశాలకు వెళ్లే కవర్లకు సీఎన్ 22 అనే కస్టమ్స్ ప్రకటన పత్రంలో ఏమేమి రాయాలో పక్కన కూర్చుని చూపినవారు, ప్రతి కవరునూ చేతికందించిన పోస్ట్‌మన్ గారు, అందరికీ నమస్కారాలు. సింగపూర్, హ్యూస్టన్‌లలోని మన తెలుగు కళాకారులకు కార్డులు ఏ మచ్చా లేకుండా చేరాయంటే అది వారి సలహా వల్లనే.

చిరునామా మారిన ఇద్దరి కవర్లు మాత్రం నా దగ్గరే భద్రంగా ఉన్నాయి. వారు కొత్త చిరునామా తెలియజేస్తే, వెంటనే స్పీడ్ పోస్టులో పంపిస్తాను.