బవేరియా సంగతి, వదిన పట్టుపురుగులు

బెంగళూరు,
ఆదివారం

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం అందింది. టమాటాకి పచ్చపురుగు పట్టిందనీ, నేను మిద్దె మీద మొక్కలకి పురుగుమందుగా వాడే బవేరియా పొడి రెండు ప్యాకెట్లు హిందూపురం పంపమనీ రాశావు. పంపడం ఎంతసేపు! కానీ చివర్లో 'వదిన పట్టుపురుగులు వారంలో చంద్రికలు (గూళ్లు కట్టుకునే తట్టలు) ఎక్కుతాయి' అన్నావు చూడు, అక్కడ గుండె జారింది.

పట్టుపురుగు బిగుసుకుపోయి సుద్దముక్కలా అయిపోతుందే, ఆ సున్నపుకట్టు రోగం తెచ్చే బూజే ఈ బవేరియా. ఇటలీలో అగస్టినో బస్సీ అనే ఆయన ఏళ్ల తరబడి పట్టుపురుగులతో కుస్తీపట్టి, ఈ రోగానికి కారణం బూజేనని 1835లో బయటపెట్టాడు. బవేరియా బాసియానాలో ఆ 'బాసియానా' ఆయన పేరే. పట్టు రైతుని ఏడిపించిన జబ్బుని ప్యాకెట్లో కట్టి టమాటా రైతుకి అమ్ముతున్నారన్నమాట! గాలికో, నీ బట్టలకో అంటుకుని షెడ్డులోకి పోయిందంటే వదిన నిన్నూ నన్నూ కలిపి తిడుతుంది.

పనితనానికి మాత్రం వంక పెట్టలేం. పురుగు దాన్ని తిననక్కర్లేదు. బూజు బీజం ఒంటికి అంటుకుంటే చాలు, మొలకెత్తి, చర్మాన్ని కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. నేను మొదటిసారి మిట్టమధ్యాహ్నం కొట్టాను, అదీ అంతకుముందు బూజుల్ని చంపే తెగులు మందు కొట్టిన పంపుతో, సరిగ్గా కడక్కుండా. పురుగులు హాయిగా తిరిగాయి. ఎండా ఆ మందూ కలిసి బూజునే చంపాయి మరి. రెండోసారి తుంపర వెలిశాక సాయంత్రం కొట్టా. ఆరో రోజున చిక్కుడాకు కింద ఒక పురుగు పుల్లలా బిగుసుకుని కనిపించింది. తడిదూదిలో పెట్టి చూస్తే రెండు రోజులకి కణుపుల సందుల్లోంచి తెల్లటి నూగు! మీ చెల్లెమ్మ డబ్బాతో సహా బయట పారేసింది.

నీకైతే పచ్చపురుగుకని విడిగా అమ్మే ఎన్‌పీవీ ద్రావణం మేలు. అది పచ్చపురుగుకి మాత్రమే జబ్బు చేసే వైరస్, పట్టుపురుగు జోలికి పోదు. దాన్నీ సాయంత్రమే కొట్టు. షాపులో బీటీ పొడి (పురుగుల్ని చంపే బ్యాక్టీరియా మందు) అంటగడితే తీసుకోకు, పట్టుపురుగుకి అదీ విషమే. వచ్చే పంటకి, ఇక్కడి హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు చెప్పినట్టు, 16 సాళ్ల టమాటాకి ఒక సాలు బంతి వెయ్యి. పచ్చపురుగు తల్లి బంతిపూలకి మరిగి అక్కడే గుడ్లు పెడుతుంది.

మల్బరీ తోటకీ నీ టమాటాకీ మధ్య ఎంత దూరముందో వెంటనే రాయి. అందాకా ప్యాకెట్లు మా ఇంట్లోనే ఉంటాయి. ఫ్రిజ్‌లో పెడదామంటే మీ చెల్లెమ్మ పెరుగు గిన్నె పక్కన పెట్టనివ్వట్లేదు.

నీ
శీనుగాడు