పాత పికప్‌ల డీజిల్ సమస్యలు: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

మదనపల్లె టమాటా మార్కెట్ నుంచి తిరుపతి, చెన్నై, బెంగళూరు దారుల్లో సరుకు తోలే మన పికప్‌లలో చాలావరకు పాతవే, ఇంజనులోకి డీజిల్‌ను ఒత్తిడితో పంపే మెకానికల్ పంపుతో నడిచేవే. వాటిని అమ్మి కొత్తవి కొనే స్తోమత మనలో ఎక్కువ మందికి లేదు. అందుకే గత సర్వసభ్య సమావేశంలో మీరు కోరినట్టు, ఈ ఏడాది సంఘం శ్రమలో సింహభాగం డీజిల్ సరఫరా లోపాల మీదే పెట్టాం. సభ్యత్వాలు, బీమా రెన్యువళ్లు, ప్రమాద సహాయం యథావిధిగా సాగాయి. జమాఖర్చుల పట్టిక సమావేశంలో విడిగా అందజేస్తాం.

ఆదివారం తనిఖీ శిబిరాల్లో ఒకే పొరపాటు పదేపదే కనిపించింది. బండి స్టార్ట్ కాకపోయినా, ఎత్తులో లాగకపోయినా అందరి అనుమానం ముందు పంపు మీదికే పోతోంది. దాన్ని విప్పి, రిపేరుకు వేలకు వేలు పోశాక కూడా లోపం అలాగే ఉంటోంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (డీజిల్‌ను లాగి పెద్ద పంపుకు అందించే చిన్న పంపు) వరకు డీజిల్‌ను పీల్చుకునే దారి. అక్కడ పైపుకు సన్నని పగులు వస్తే ఇంజను నడుస్తున్నంతసేపూ డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. నేల మీద చుక్క పడదు కనుక ఎవరూ అటు చూడరు.

ఒక సభ్యుడి బండి రాత్రి ఆపితే తెల్లారి స్టార్ట్ అయ్యేది కాదు. ప్రైమర్ (చేత్తో కొట్టే చిన్న పంపు) కొట్టి పైపుల్లోని గాలి తీస్తే రోజంతా బాగానే తిరిగేది. ఒక వర్క్‌షాపులో పంపే మార్చాలని చెప్పారు. శిబిరంలో మేం ఫీడ్ పంపుకు ముందు జానెడు పారదర్శక పైపు బిగించి ఇంజను నడిపాం. ఆవగింజలంత బుడగలు ట్యాంకు వైపు నుంచి వరుసగా వచ్చాయి. ఒక్కో జాయింటూ చూసుకుంటూ వెనక్కి వెళితే, పైపును బిగించే బాంజో బోల్టు కింద రాగి వాషరు అంచు గీసుకుపోయి ఉంది. అది మార్చాం. మర్నాడు తెల్లవారుజామున సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది. ఆ కుటుంబానికి ఆ సీజను సంపాదన మిగిలింది. ఈ ఏడాది మనం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చింది ఇదే.

తిరుపతి దారిలోని భాకరాపేట ఘాట్‌లో ఆగిపోయే బండ్ల సంగతి వేరు. లోడుతో ఎత్తు ఎక్కే ఇంజనుకు డీజిల్ ఎక్కువ కావాలి. ట్యాంకు అడుగున చేరిన తుప్పు, మడ్డి, డీజిల్ పీల్చే పైపు చివరి జల్లెడకు అడ్డం పడితే, చదును రోడ్డు మీద సరిపోయిన డీజిల్ ఘాట్‌లో చాలదు. కాసేపు ఆపితే మడ్డి కిందికి దిగి బండి మళ్లీ కదులుతుంది. ఈ గుర్తు కనిపిస్తే ముందు ట్యాంకు సంగతి చూడండి. అనుమానం తీరకపోతే శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, దానిలోంచి నేరుగా ఫీడ్ పంపుకు పైపు ఇచ్చి చూడండి. డబ్బాతో లోపం పోయిందంటే అది ట్యాంకులోనో, దాని పైపులోనో ఉన్నట్టే.

డీజిల్‌లో చేరే నీళ్ల విషయంలో ఇంకా నిర్లక్ష్యం ఉంది. ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ ఎన్నడూ విప్పని బండ్లు శిబిరానికి వచ్చాయి. తీసిన డీజిల్‌ను గాజు సీసాలో రాత్రంతా కదపకుండా ఉంచితే నీరు అడుగున తేరుతుంది. బంకులో అనుమానం వస్తే డెన్సిటీ చూపించమని అడగండి, అది వినియోగదారుడి హక్కు. బంకు రికార్డులోని అంకెకు, 15 డిగ్రీల సెల్సియస్‌కు సరిచేసిన ఆ డీజిల్ డెన్సిటీకి మధ్య క్యూబిక్ మీటరుకు 3 కిలోలకు మించి తేడా ఉండకూడదు.

డబ్బు మిగులుతుందని డీజిల్‌లో కిరోసిన్ కలపడాన్ని సంఘం ఎంతమాత్రం సమర్థించదు. మన బండ్లలో ఉండే రోటరీ రకం పంపు లోపలి భాగాలకు డీజిలే కందెన. దాన్ని పలచన చేస్తే ఇవాళ మిగిలిన డబ్బుకు ఎన్నో రెట్లు రేపు పంపుకు పెట్టాలి.

నాజిళ్లు (ఇంజనులోకి డీజిల్‌ను చిమ్మే భాగాలు) సరిగా చిమ్ముతున్నాయో లేదో చూసే నాజిల్ టెస్టర్ కొనుగోలుపై కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. ఆ ఖర్చు సరైనదేనని కార్యవర్గం అభిప్రాయం. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు, అందులో పొగనూ చూస్తారు. నల్లపొగకు ఎయిర్ ఫిల్టర్ కారణం కాకపోతే తర్వాత చూడాల్సింది నాజిళ్లనే. అయితే టెస్టర్ దగ్గర ఒక హెచ్చరిక: చిమ్మే డీజిల్‌కు చేయి అడ్డం పెట్టవద్దు. అది చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కామన్ రైల్ బండ్లు (ఎలక్ట్రానిక్ పద్ధతిలో డీజిల్ చిమ్మే కొత్త రకం) ఉన్న సభ్యులు ఇంజను నడుస్తుండగా ఇంజెక్టర్ పైపులను అసలే వదులు చేయవద్దు. వాటిలో పీడనం వెయ్యి బార్, అంటే మామూలు గాలి పీడనానికి దాదాపు వెయ్యి రెట్లు, దాటగలదు.

వచ్చే ఏడాది టమాటా సీజను మొదలయ్యే ముందే ట్యాంకులు దించి కడిగే శిబిరం పెట్టాలని కార్యవర్గం తీర్మానించింది. సమావేశంలో మీ ఆమోదం కోరుతున్నాం. పేర్లు సంఘం కార్యాలయంలోని రిజిస్టరులో రాయించండి. శిబిరానికి వచ్చే రోజు ట్యాంకులో డీజిల్ పావు వంతుకు మించకుండా చూసుకోండి. నిండు ట్యాంకును దించడం కష్టం, ప్రమాదం కూడా. రాగి వాషర్లు, ఫిల్టర్లు సంఘం తరఫున టోకున కొని అసలు ధరకే ఇస్తాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి