క్యాన్సర్ తగ్గాక జాగ్రత్తలు తెలుగులో రాసివ్వాలి

సంపాదకుల వారికి,

రొమ్ము క్యాన్సర్ చికిత్స పూర్తయ్యాక మా అక్కకిచ్చిన డిశ్చార్జి కాగితమంతా ఇంగ్లిషే. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ మాత్రలు కనీసం 5 ఏళ్లు వాడాలని అందులో ఉంది. ఒంట్లో బాగానే ఉందని ఆమె మధ్యలోనే మానేసింది. చంకలో గ్రంథులు తీసిన వైపు చెయ్యి ఏళ్ల తర్వాతైనా వాచవచ్చని, ఆ చేతికి గాయాలు కాకుండా చూసుకోవాలని ఎవరూ చెప్పలేదు. మిరప కోతల్లో గీరుకుపోయి, గాజులు పట్టనంతగా వాచాకే తెలిసింది.

మొదటి మూడేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి డాక్టరుకు చూపించుకోవాలి, ఏటా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) తీయించుకోవాలి. కొత్త గడ్డ, తగ్గని ఎముకల నొప్పి, ఆయాసం ఉంటే ఆ గడువు దాకా ఆగకూడదు. రోజూ నడక మంచిది. ప్రతి ఆస్పత్రీ ఇవన్నీ ఒక్క పేజీలో తెలుగులో రాసిచ్చేలా ఆరోగ్యశాఖ వెంటనే ఆదేశాలివ్వాలి.

– ఒక పాఠకురాలు, గుంటూరు జిల్లా