దలార్నాలో మమ్మల్ని ఆదుకున్నవాళ్ళకి కృతజ్ఞతలు

మొన్న మిడ్‌సమ్మర్ (జూన్‌లో వచ్చే స్వీడన్ పెద్ద పండగ) సెలవులకి అమ్మానాన్నల్ని తీసుకుని స్టాక్‌హోం నుంచి స్వీడన్‌లోనే ఉన్న దలార్నా ప్రాంతానికి వెళ్ళాం. అక్కడ మాకు సాయం చేసినవాళ్ళకి నలుగురిలో థాంక్స్ చెప్పాలనే ఈ పోస్టు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. చదివితే ఎవరి గురించో వాళ్ళకే తెలుస్తుంది.

శుక్రవారం సాయంత్రం లెక్సాండ్‌లో పండగ స్తంభం ఎత్తడం చూశాం. ఆకులు, పూలు చుట్టిన అంత పెద్ద మానుని క్రేన్ లేకుండా, ఊరివాళ్ళు కర్రలతో కొంచెం కొంచెంగా పైకి లేపుతారు. చుట్టూ ఫిడేళ్ళు, ఊరికో రకం సంప్రదాయ దుస్తులు. అక్కడినుంచి రెట్విక్ వైపు బయల్దేరాక సీల్యాన్ సరస్సు పక్కన అద్దె కారు క్లచ్ పోయింది. స్వీడన్‌లో ఆ రోజు గ్యారేజీ దొరకడం అంటే సంక్రాంతి నాడు మన ఊళ్ళో మెకానిక్ దొరకడం లాంటిదే. కారు కంపెనీవాళ్ళు సోమవారం దాకా ఆగమన్నారు. రాత్రి పది దాటినా వెలుతురు ఉండబట్టి సరిపోయింది కానీ అమ్మకి ఒకటే టెన్షన్.

రోడ్డు పక్క ఎర్ర ఇంట్లోంచి ఒక పెద్దాయన వచ్చారు. ఎవరు, ఎక్కడివాళ్ళు అని అడగలేదు. ట్రాక్టర్ తెచ్చి, తాడు కట్టి, కారుని వాళ్ళ వాకిట్లోకి లాగేశారు. ఈలోపు ఆయన భార్య పెరట్లో ఉన్న చిన్న ఇంట్లో పక్కలు వేసేశారు. అమ్మ మాంసం, చేపలు ముట్టదని తెలిసి కొత్త బంగాళాదుంపలు ఉడికించి, సోయకూర చల్లి, గిన్నెడు స్ట్రాబెర్రీలతో పెట్టారు. కారు బాగయ్యేదాకా అక్కడే ఉన్నాం. ఎంత బతిమాలినా డబ్బులు తీసుకోలేదు.

మరుసటి రోజు మాటల్లో తెలిసింది, ఆ పెద్దాయన ఫాలున్ రాగి గనిలో పనిచేశారట, 1992 డిసెంబరులో గని మూసేసేదాకా. మా నాన్న కొత్తగూడెంలో సింగరేణి మైనింగ్ సర్దార్‌గా (బాయిలో పనినీ భద్రతనీ చూసే ఉద్యోగం) చేసి రిటైరయ్యారు. పెద్దాయనకి తెలుగు రాదు, నాన్నకి స్వీడిష్ రాదు, మధ్యలో నేను. నిజానికి నా అవసరం పెద్దగా పడలేదు. చేతులతోనే గంటసేపు మాట్లాడుకున్నారు.

ఆదివారం ఆయనే తన కారులో మమ్మల్ని ఫాలున్ తీసుకెళ్ళారు. హెల్మెట్లు పెట్టుకుని కిందికి దిగాం. బయట ఎండాకాలమైనా లోపల చలి, ఐదారు డిగ్రీలే. బొగ్గు బాయిలో చెమటలు కక్కిన నాన్నకి అదే పెద్ద వింత. అంతకంటే వింత, పాతరోజుల్లో రాయి పగలగొట్టడానికి గనిలోనే కట్టెలు పేర్చి మంట పెట్టేవారని గైడ్ చెప్పడం. సింగరేణిలో జేబులో అగ్గిపెట్టె ఉంటే డ్యూటీకి దిగనివ్వరు మరి. గ్యాస్ సంగతేంటని నాన్న అడిగారు. ఇది బొగ్గు కాదు, మీథేన్ భయం లేదు, కానీ పొగ మాత్రం మనుషుల్ని తినేసేదని గైడ్ చెప్పారు. నాన్న మెల్లగా నడుస్తారని ఆ అమ్మాయి గుంపుని ఆపి ఆపి నడిపించింది. ఆమెకి ప్రత్యేకంగా థాంక్స్.

17వ శతాబ్దంలో ఒక దశలో యూరప్ రాగిలో మూడింట రెండు వంతులు ఈ ఒక్క గనిదే. ఇష్టమొచ్చినట్టు తవ్వేసరికి 1687లో గనిలో పెద్ద భాగం కూలిపోయింది. ఆ గొయ్యి ఇప్పటికీ ఉంది, సుమారు వంద మీటర్ల లోతు. ఒక్కరూ చనిపోలేదు. ఎందుకంటే అది మిడ్‌సమ్మర్ సెలవు, లోపల ఎవరూ లేరు. ఇది విన్నాక నాన్న ఆ గొయ్యి అంచున నిలబడి చాలాసేపు రాలేదు. బండ కూలడం అంటే ఏంటో ఆయనకి తెలుసు కదా. 1677లో లోపల చిక్కుకుని చనిపోయిన మట్స్ అనే కుర్రాడి శవం 1719లో చెక్కుచెదరకుండా దొరికిందనీ, ముసలిదైపోయిన అతని కాబోయే భార్యే గుర్తుపట్టిందనీ విని అమ్మ కళ్ళు తుడుచుకుంది.

దలార్నా అంతా కనిపించే ఆ ఎర్ర ఇళ్ళ రంగు కూడా ఈ గని మట్టిదేనట. దానికి రై అనే ధాన్యం పిండి, అవిసె నూనె, నీళ్ళు కలిపి ఉడికిస్తారని పెద్దాయన చెప్పారు. చెక్కగుర్రాల ఊరు నూస్‌నాస్ కూడా చూశాం. బాగుంది, కానీ షాపింగే ఎక్కువ.

బూర్లెంగె నుంచి అన్నం, పప్పు, పెరుగు పట్టుకుని వచ్చిన తెలుగు కుటుంబానికి కూడా థాంక్స్. మా ఆయన ఆఫీసు ఫ్రెండ్‌కి స్నేహితులట, అంతే పరిచయం. ఆ అక్క గ్యారేజీవాడితో ఫోన్లో స్వీడిష్‌లో మాట్లాడి రేటు కూడా తగ్గించింది!

చివరగా ఒక చిన్న సాయం కావాలి. కొత్తగూడెం, ఇల్లందు బాయిల పాత ఫొటోలు కావాలని పెద్దాయన నాన్నని అడిగారు, తన పాత గని దోస్తులకి చూపించడానికట. మా ఇంట్లో ఒక్కటే ఉంది, అదీ మసకబారింది. మీలో ఎవరి దగ్గరైనా ఉంటే నాకు మెసేజ్ చేయండి. ప్రింట్లు వేయించి నేను పంపిస్తాను.